కదలకమ్మ కెమెరా

ఆసుపత్రిలో ఆవిడ అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఎక్కడా కనిపించదు. అందరికీ ఆవిడ కదలకమ్మ. రోజుకి ఇరవై కాళ్ళ దాకా కట్లు విప్పుతుంది, పుండ్లు శుభ్రం చేస్తుంది, మళ్ళీ కట్టే ముందు "కదలకండి" అని ఒక ఫోటో తీస్తుంది. పధ్నాలుగేళ్ళుగా అదే మాట, అదే గొంతు. ఎవరో రోగి విసుక్కుని పెట్టిన పేరు అది. మొదట్లో ఆవిడ వెనకాల అనేవాళ్ళు, తర్వాత ఎదుటే అనడం మొదలుపెట్టారు. ఆవిడా పలకడం మొదలుపెట్టింది.

కట్ల గది కారిడార్ చివర ఉంటుంది. దానికి కిటికీ లేదు. ఒక ఎత్తు కుర్చీ, దాని ముందు కాలు చాపుకునే బల్ల, చేతులు కడుక్కునే తొట్టి, గోడకి ఆనుకుని అల్మరా. పైన నాలుగు ట్యూబులైట్లు. అక్కడికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది షుగరు వ్యాధితో కాలు పుండు పడ్డవాళ్ళే. నెలల తరబడి వస్తారు. కొందరు ఆవిడకి ఇంటి సంగతులన్నీ చెప్తారు, కొందరు కళ్ళు మూసుకుని కూర్చుంటారు, తమ కాలు తాము చూడరు.

ఆవిడ ఏప్రాన్ జేబులో ఒక చిన్న కెమెరా ఉంటుంది. గుప్పిట్లో ఇమిడిపోతుంది. కొత్తగా ఉన్నప్పుడు కూడా అది చవక రకమే, ఆవిడ చేతికి వచ్చేసరికి ఒకరు వాడి వదిలేసింది. మూలల్లో నల్లరంగు లేచిపోయి లోపలి లోహం మెరుస్తుంటుంది. దాని నెత్తిన చిన్న చక్రం ఒకటి ఉంది. ఆ చక్రం మీద 'ఎం' అనే అక్షరం ఉందని చూసే ఆవిడ దాన్ని కొంది. ఆ అక్షరం దగ్గర పెడితే కెమెరా సొంత తెలివి చూపించదు. వెలుతురు ఎంత రావాలో, ఎంతసేపు రావాలో మనమే చెప్పాలి. తెలుపంటే ఏది తెలుపో కూడా మనమే చూపించి గుర్తుపెట్టించాలి.

ఆ విద్య అన్నయ్య దగ్గర వచ్చింది. ఆయనకి ఒకప్పుడు ఫోటో స్టూడియో ఉండేది. భర్త పోయిన ఏడాది నుంచి స్టూడియో మూతపడే దాకా ఆవిడ అక్కడే పనిచేసింది. అన్నయ్య పని నేర్పేటప్పుడు కోప్పడేవాడు కాదు, వెటకారం చేసేవాడు. "ముఖం నచ్చేలా తీయడం వేరమ్మా, ఉన్నది ఉన్నట్టు తీయడం వేరు. రెండోదానికి గిరాకీ లేదు. అయినా నేర్చుకో, ఎక్కడో ఒకచోట పనికొస్తుంది," అనేవాడు. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక మొదటిదానికి కూడా గిరాకీ పోయింది. స్టూడియో ఎత్తేశారు. ఆవిడ ఆసుపత్రిలో కట్లు కట్టే పనిలో చేరింది.

చేరిన కొత్తలో పుండ్ల ఫోటోలు ఎవరి ఫోనుతో వాళ్ళు తీసేవాళ్ళు. ఫోను దాని స్వభావం కొద్దీ అన్నిటినీ అందంగా చూపించేది. సోమవారం ఎర్రగా ఉన్న పుండు గురువారానికి నారింజ రంగుకి తిరిగేది, చీము పట్టిన చోటు మగ్గిన పండులా నిగనిగలాడేది. ఆ ఫోటోలు చూసి నిర్ణయాలు తీసుకునే పెద్ద డాక్టరు మూడు గంటల దూరంలో ఇంకో ఆసుపత్రిలో ఉంటారు. ఇక్కడికి సోమవారం మాత్రం వచ్చి ఆపరేషన్లు చేసి వెళ్ళిపోతారు. మిగతా రోజుల్లో ఆయనకి ఫోటోలే దిక్కు. "ఒక్కరోజు పుండు చూసి నేనేం చెప్పను? అది ఎటు నడుస్తోందో తెలియాలి నాకు," అనేవారు.

అప్పుడు ఆవిడ తన కెమెరా తెచ్చింది. వెలుతురు, వ్యవధి అంకెలు ఒకసారి నిర్ణయించి మళ్ళీ ముట్టుకోలేదు. ఎవరూ చక్రం తిప్పకుండా దాని మీద కట్లకి వాడే ప్లాస్టర్ ముక్క అంటించింది. ఫ్లాష్ వేయదు, తడి పుండు మీద అది అద్దంలా మెరుస్తుంది. కెమెరాకి ఒక దారం కట్టి, దాని చివర ముడి వేసింది. ఆ ముడి బల్ల అంచుని తాకితే కాలికీ కెమెరాకీ మధ్య ఎప్పుడూ ఒకటే దూరం. గదిలో లైట్ల కింద కట్టుగుడ్డ మడత పెట్టి, ఇదీ తెలుపు అని కెమెరాకి చూపించి గుర్తుపెట్టించింది. ఆ తర్వాత పెద్ద డాక్టరు ఫోటోల గురించి రెండోసారి అడగాల్సిన అవసరం రాలేదు.

మేనేజరుకి మాత్రం ఆ కెమెరా నచ్చదు. కార్డు తీయాలి, కంప్యూటరుకి పెట్టాలి, పంపాలి. "ఫోన్లో అయితే నొక్కగానే వెళ్ళిపోతుంది కదమ్మా," అంటాడు కనిపించినప్పుడల్లా. ఆవిడ జవాబు కూడా అందరికీ కంఠతా వచ్చు. "కళ్ళు అలవాటు పడిపోతాయి సారూ. ఫోను మనకి నచ్చేది చూపిస్తుంది. ఇది అలవాటూ పడదు, నచ్చచెప్పదు."

*

టైలరు తొమ్మిది వారాలుగా బుధవారం బుధవారం వస్తున్నాడు. సూది కింద పడి, అది కుడికాలిలో దిగినా తెలియక రెండు రోజులు తిరిగాడు. కాలికి స్పర్శ లేదు. చిటికెనవేలు, దాని పక్క వేలు నల్లబడి ఎండిపోయాయి. అలాంటప్పుడు డాక్టర్లు తొందరపడరు. చచ్చిన చోటుకీ బతికిన చోటుకీ మధ్య శరీరమే ఒక గీత గీసుకుంటుంది. ఆ గీత ఎక్కడ ఆగుతుందో చూసి, అక్కడిదాకా తీసేస్తారు. టైలరు గీత వేళ్ళ మొదట్లోనే ఆగినట్టు ఏడు వారాల ఫోటోలు చెప్పాయి.

అతను మాటకారి. కాలు బల్ల మీద పెడుతూ, "ఇవాళైనా కాస్త నవ్వుతూ తీయండమ్మా, మా వేళ్ళు సరదా పడుతున్నాయి," అనేవాడు. "కదలకండి," అనేది ఆవిడ. "నాకు వేళ్ళు పోతే పోనీ. పాదం మాత్రం ఉంచమనండి డాక్టరుగారిని. మా పని అంతా దానితోనే," అనేవాడు చివర, నవ్వకుండా.

ఎనిమిదో వారం ఫోటోలో గీత దాటి పాదం మీద పలచగా నీలం కనిపించింది. తొమ్మిదో వారంలోనూ ఉంది, ఇంకాస్త పైకి ఎక్కినట్టుంది. కట్టు కట్టేటప్పుడు ఆవిడ కంటికి ఆ నీలం కనిపించలేదు. చర్మం చేతికి వెచ్చగానే తగిలింది. అయినా ఫోటోలో ఉంది కదా అనుకుంది. చలి ముదిరిన నెల, ఆ వారం మిగతావాళ్ళ కాళ్ళు కూడా కాస్త కమిలినట్టే వచ్చాయి. చలికి రక్తం సరిగా ఆడటం లేదని తనకు తానే సర్దిచెప్పుకుంది.

గురువారం పెద్ద డాక్టరు ఫోన్ చేశారు.

"టైలరుది సగం పాదం తీయాల్సి వస్తుందమ్మా. సోమవారం పెట్టుకుందాం. ఇంటివాళ్ళకి ఫోటోలు వరసగా పేర్చి చూపించండి. మీరు చెప్తే వింటారు."

"డాక్టరుగారూ, చేతికి మాత్రం వెచ్చగానే ఉందండి."

"కళ్ళూ చేతులూ అలవాటు పడిపోతాయని మీరే కదా చెప్తారు నాకు. ఫోటోల్లో రెండు వారాలుగా పైకి ఎక్కుతోంది. ఇంకా ఆగితే మోకాలి దాకా వెళ్తుంది."

ఆవిడ ఫోను పెట్టేసింది. ఆ మాట తనదే.

*

శనివారం ఉదయం టైలరూ అతని భార్యా వచ్చారు. మేనేజరు గదిలో బల్ల మీద తొమ్మిది ఫోటోలు వరసగా పేర్చి ఉన్నాయి. టైలరు చక్రాల కుర్చీలో కూర్చుని వాటి వైపు ఒకసారి చూసి తల తిప్పేసుకున్నాడు.

"సగం అంటే ఎక్కడిదాకా?" అన్నాడు.

ఆవిడ వంగి, తన చెప్పు మీద వేలితో అడ్డంగా గీసి చూపించింది.

"మా మిషను పెడలు ముందు పాదంతో నొక్కాలి, మడమతో వెనక్కి తొక్కాలి. రెండూ ఉంటేనే ఊగుతుందమ్మా అది. ఒక్కటి ఉండి ఏం చేసుకోను?"

"మోటారు పెట్టించుకోవచ్చు కదా ఈ రోజుల్లో," అన్నాడు మేనేజరు.

"మోటారుకి కూడా స్విచ్చి కాలి కిందే ఉంటుంది సారూ."

మేనేజరు ఫోటోల వరస సరిచేశాడు.

టైలరు భార్య బల్ల దగ్గరికి జరిగింది. షాపులో కాజాలు కుట్టడం, గుండీలు వేయడం, గుడ్డకి తగ్గ దారం ఎంచడం ఆమె పని. కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. ఫోటోల మీదికి వంగి, చివరి రెండిటి దగ్గర ఆగిపోయింది.

"ఈ రెండింటికీ కట్టుగుడ్డ వేరే రకం వాడారా అక్కా?"

"లేదమ్మా. అదే కట్టలోది."

"మరి ఇది తెలుపు కాదే. నీలిమందు ఎక్కువైనట్టుంది."

"నువ్వూరుకోవే," అన్నాడు టైలరు. "నా కాలు పోతోందంటే గుడ్డ రంగులు చూస్తావేంటి?"

"కాలు సంగతి నాకు తెలీదు. గుడ్డ తెలుసు." ఆమె గొంతు పెంచలేదు. ఏడో ఫోటో తీసి ఎనిమిదోదాని పక్కన ఆనించింది. "చూడండక్కా. షాపులో లైటు కింద దారం కలిపితే మోసపోతాం. లోపల కలిసింది బయట కలవదు. అందుకే నేనెప్పుడూ రీలూ గుడ్డా పట్టుకుని వాకిట్లోకి వెళ్ళి చూస్తాను. ఈ రెండూ ఒక లైటు కింద తీసినవి కావు."

కదలకమ్మ ఫోటోలు చేతిలోకి తీసుకుంది. కాలిని చూడలేదు. కాలి కింద పరిచిన గుడ్డ అంచులు చూసింది. ఏడింటిలో పాలలా ఉంది. రెండింటిలో పలచగా నీలం. పాదం మీద ఏ నీలమో గుడ్డ మీదా అదే నీలం. పధ్నాలుగేళ్ళుగా ఆవిడ ప్రతి ఫోటోలోనూ పుండునే చూసింది. దాని చుట్టూ ఉన్న తెలుపుని చూడాలని ఒక్కసారీ అనిపించలేదు.

ఎవరికీ ఏమీ చెప్పకుండా కారిడార్ చివరికి నడిచి, కట్ల గదిలో లైటు వేసి తలెత్తింది. నాలుగు ట్యూబులూ సన్నగా ఉన్నాయి, పాతవాటికంటే సన్నగా. వెయ్యగానే మినుకుమనకుండా ఒక్కసారే వెలిగాయి.

తిరిగి వచ్చి, "లైట్లు మార్చారా సారూ?" అంది.

"మార్చాం కదా. పోయిన ఆదివారం కాదు, అంతకుముందు ఆదివారం. పాతవి మినుకుమంటున్నాయి, ఫోటోలు పాడవుతున్నాయి అని మీరే కదా రాసిచ్చారు."

నిజమే, రాసిచ్చింది. రాసిన సంగతి మర్చిపోయింది. ఆ సోమవారం గదిలోకి అడుగుపెట్టినప్పుడు ఏదో శుభ్రంగా అనిపించింది కూడా. నేల బాగా తుడిచారనుకుంది. పావుగంటలో కళ్ళు కొత్త వెలుతురుకి అలవాటు పడిపోయాయి. కెమెరా పడలేదు. పాత లైట్ల కింద చెప్పిన తెలుపునే పట్టుకుని, కొత్త లైట్లలో ఎక్కువగా ఉన్న నీలాన్ని అన్నిటి మీదా చూపించింది. ఆ లైట్లు లేవని దానికి చెప్పాల్సింది ఆవిడే.

"బయటికి తీసుకెళ్దాం," అంది.

వెనక వసారాలో ఆసుపత్రి దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. వాటిని పక్కకి జరిపి, చక్రాల కుర్చీని పగటి వెలుతురు నేరుగా పడే చోటికి తోసింది. నేల మీద కూర్చుని కట్టు విప్పడం మొదలుపెట్టింది. రోజుకి ఇరవైసార్లు చేసే పనే. చివరి చుట్టు మాత్రం నెమ్మదిగా తీసింది.

రెండు వేళ్ళూ బొగ్గు ముక్కల్లా నల్లగా ఉన్నాయి. వాటి మొదట్లో సన్నని ఎర్రటి గీత. గీతకి ఇవతల చర్మం అతని ఒంటి రంగులోనే ఉంది.

టైలరు భార్య కూడా పక్కన చతికిలబడి, భర్త ఎడమకాలి చెప్పు తీసింది. ఆ పాదాన్ని ఎత్తి కుడిపాదం పక్కన పెట్టి, రెండిటినీ మార్చి మార్చి చూసింది.

"రెండూ ఒక తానులోవే," అంది.

టైలరు దుప్పట్ల వైపు చూస్తూ కూర్చున్నాడు.

*

ఫోను చేయడానికి ముందు మేనేజరు ఆవిడని పక్కకి పిలిచాడు. చెడ్డవాడు కాదు.

"సోమవారం డాక్టరుగారు ఎలాగూ వస్తారు. కాలు చూస్తారు. తేడా ఆయనకే తెలుస్తుంది. మీ నోటితో చెప్పడం ఎందుకు? రేపు పైవాళ్ళకి తెలిస్తే ఆ కెమెరా ఉండదు. మిమ్మల్ని కూడా ఆ గదిలో ఉంచుతారో లేదో."

ఆవిడకి అది తట్టకపోలేదు. కానీ ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళే ముందు కాలికి పాదం నుంచి మోకాలి దాకా గోధుమరంగు మందు పూస్తారని ఆవిడకి తెలుసు. ఆ పూత కింద ఏ నీలం ఏ ఎరుపు? డాక్టరుగారి తలలో ఉండేది తను పంపిన తొమ్మిది ఫోటోలే. అదీ కాక, ఈ రెండు వారాల్లో టైలరు ఒక్కడే కాదు.

ఫోను చేసింది. ఎక్కడా తడబడకుండా మొత్తం చెప్పింది. లైట్ల సంగతి, తను రాసిచ్చిన కాగితం సంగతి, వసారాలో చూసిన కాలు సంగతి.

"ఎంతమంది?" అన్నారు డాక్టరు.

"రిజిస్టరు చూశానండి. ఈ రెండు వారాల్లో నేను మీకు పంపిన ఫోటోలు పదిహేడు మందివి."

"గోదాము కాపలాదారు కూడానా?"

"అవునండి."

కాపలాదారుకి ఆ వారం సోమవారమే బొటనవేలు తీసేశారు. అంతకుముందు వారం ఆవిడ పంపిన ఫోటో చూసి రాసిన ఆపరేషన్ అది.

"అతని వేలు నేను చేత్తో పట్టుకుని చూశాను. పోయేదే," అన్నారు డాక్టరు. తర్వాత, "పోయేదే అనుకుంటున్నాను," అన్నారు.

మొదటి మాటకీ రెండో మాటకీ మధ్య ఉన్న తేడా ఆవిడ విన్నది.

"మిగతా పదహారుమందికీ ఇవాళే కబురు పెట్టండి. అందరికీ మళ్ళీ తీయండి. ఫోన్లో తీయిస్తారా, ఏం చేస్తారు?"

"మీరు వద్దంటే ఈ కెమెరా పక్కన పెట్టేస్తానండి."

"నేను అడిగింది అది కాదు. ఏది నమ్మమంటారు అని."

ఆవిడ ఆలోచించి చెప్పింది. "కొత్త లైట్ల కింద దీనికి మళ్ళీ తెలుపు చూపించి గుర్తుపెట్టిస్తాను. దీన్నే నమ్మండి. కానీ ముందు తెల్లగుడ్డ ఫోటో ఒకటి పంపిస్తానండి, ప్రతిరోజూ. అది తెల్లగా లేకపోతే ఆ రోజు ఫోటోలేవీ నమ్మకండి."

ఆయన సరేనన్నారు. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది ఆవిడకి.

*

సోమవారం పెద్ద డాక్టరు మందు పూయకముందే టైలరుని వసారాలోకి తెప్పించుకుని కాలు చూశారు. రెండు వేళ్ళు తీశారు. పాదం ఉంది.

కాపలాదారు ఆ బుధవారం కుట్లు చూపించుకోవడానికి వచ్చాడు. నెమ్మదస్తుడు, ఎప్పుడూ తక్కువ మాట్లాడతాడు. కట్టు విప్పాక ఆవిడ స్టూలు జరుపుకుని ఎదురుగా కూర్చుని చెప్పింది. తన ఫోటో రంగు తప్పని, వేలు పోయేదో లేదో ఇప్పుడు ఎవరూ కచ్చితంగా చెప్పలేరని.

అతను ఖాళీగా ఉన్న బొటనవేలి చోటుని చూస్తూ విన్నాడు.

"ఇప్పుడు చెప్పి ఏం లాభం?"

"లాభం లేదండి. మీకు తెలియాలని."

"డాక్టరుగారు చెప్పమన్నారా?"

"లేదండి."

అతను తల ఊపాడు. క్షమించానని అనలేదు, కోప్పడనూ లేదు. "సరే, తీయండి," అన్నాడు. ఆవిడ తీసింది. ఆ రోజు 'కదలకండి' అనే మాట ఆవిడ నోట రాలేదు. అతను కదలలేదు.

ఆ తర్వాత ప్రతివారం వచ్చాడు. మందు, నొప్పి, ఎప్పుడు రావాలి, అంతవరకే మాట.

పై అధికారులు ఒక కాగితం పంపారు. కెమెరా ఉండవచ్చు, లైట్లు మారిస్తే సంతకం తీసుకోవాలి, ఆవిడ సర్వీసు పుస్తకంలో హెచ్చరిక నమోదు చేయాలి. ఆవిడ సంతకం పెట్టింది. కళ్ళు అలవాటు పడతాయి, కెమెరా పడదు అన్న మాట ఆ తర్వాత ఎవరూ ఆవిడ నోట వినలేదు. మేనేజరు కూడా ఫోను ఊసెత్తడం మానేశాడు.

రెండు నెలల తర్వాత టైలరు కర్ర పట్టుకుని తనే నడిచి వచ్చాడు. సంచీలోంచి ఒక పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. లోపల అరచేయంత తెల్లగుడ్డ ముక్కలు ఆరు, నాలుగు వైపులా అంచు మడిచి కుట్టినవి.

"మా ఆవిడ ఎంచింది గుడ్డ. వాకిట్లోనే చూసింది, భయపడకండి. కుట్టింది నేను." ఒక ముక్క వేరుగా తీశాడు. "ఇది మాత్రం పారేయండి. మొదటిది. కాలు ఇంకా దారిలోకి రాలేదు, కుట్టు వంకర పోయింది."

ఆవిడ ఆ ముక్కని చూసింది. మూడు వైపులా కుట్టు అటూ ఇటూ తూలింది. నాలుగో వైపుకి వచ్చేసరికి దాదాపు తిన్నగా నడిచింది.

"ఇది నాకు కావాలండి," అని ఏప్రాన్ జేబులో పెట్టుకుంది.

మర్నాడు ఉదయం మొదటి వంతు కాపలాదారుది. అతను కుర్చీలో కూర్చుని కాలు ఎత్తబోతుంటే, ఒక్క నిమిషం అని ఆపి, బల్ల మీద ఆ వంకర కుట్టు గుడ్డని పరిచింది. దారం ముడిని బల్ల అంచుకి ఆనించింది. కెమెరా కంటి దగ్గరికి తెచ్చుకుని, అలవాటు కొద్దీ, "కదలకండి," అంది.

"అదెక్కడికి పోతుంది?" అన్నాడు కాపలాదారు.

రెండు నెలల్లో మందూ నొప్పీ కాకుండా అతను ఆ గదిలో అన్న మొదటి మాట అది. ఆవిడ మీట నొక్కింది. వెనక తెర మీద చూసింది. కెమెరా పట్టుకుని వసారా గుమ్మం దాకా వెళ్ళి, పగటి వెలుతురులో ఇంకోసారి చూసింది. తెల్లగానే ఉంది. తిరిగి వచ్చి గుడ్డ తీసి మడతపెట్టింది. అతను కాలు బల్ల మీద పెట్టాడు.